బార పొడవు, బార జోరు: ఫ్రీస్టైల్ ఈతలో సమతౌల్యం

వ్యాస సంగ్రహం:
ఫ్రీస్టైల్ ఈతలో వేగం రెండు అంశాల లబ్ధం. ఒక్కో బారకు శరీరం ముందుకు సాగే దూరం మొదటిది, నిమిషానికి పడే బారల సంఖ్య రెండవది. ఒకటి పెరిగితే మరొకటి తగ్గడం సహజం. ఈ రెండింటి నడుమ పొత్తు ఎలా కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. పెదకాకాని ప్రాంతపు కాలువ ఈతను, పాక్ జలసంధిని ఈదిన తెలుగు మహిళ గోలి శ్యామల ఈతను ఉదాహరణలుగా తీసుకొని, తెలుగులో ఈ విషయాన్ని చెప్పడానికి అవసరమైన పారిభాషిక పదాలను కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: ఫ్రీస్టైల్ ఈత, బార, జతబార, బార పొడవు, బార జోరు, గుంటూరు ఛానల్, పాక్ జలసంధి.

1. ఉపోద్ఘాతం:
గుంటూరు నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారిపై ఉన్న పెదకాకాని చుట్టూ పత్తి, మిరప పండే మైదానం పరుచుకొని ఉంటుంది. సీతానగరం వద్ద కృష్ణానది నుంచి బయలుదేరే గుంటూరు ఛానల్ ఈ మండలం మీదుగా సాగుతుంది. ఇటువంటి ఊళ్లలో ఈత అన్నది బడిలో నేర్పే విద్య కాదు. నడుముకు బెండో, ఖాళీ డబ్బానో కట్టుకొని, పెద్దవాళ్లు గట్టున నిలబడి అదిలిస్తుండగా చెరువులోనో కాలువలోనో నేర్చుకొనేది. అలా వచ్చిన ఈతకు కొన్ని గుర్తులుంటాయి. తల నీటిపైనే ఉంటుంది, కాళ్లు కిందికి దిగుతాయి, చేతులు పొట్టి పొట్టిగా, వడివడిగా పడతాయి. ప్రవాహంలో కొట్టుకొచ్చే కంపను, ఎదుటి గట్టును చూసుకుంటూ ఈదేవాడికి తల ఎత్తక తప్పదు. కాబట్టి దాన్ని తప్పుగా కాక, ఆ నీటికి తగిన అలవాటుగా చూడటమే న్యాయం.

ఆ అలవాటుతో కళాశాల పోటీలకు, టైల్స్ పరిచిన కొలనుకు వచ్చిన యువకుడికి మొట్టమొదట అందే సలహా ‘చెయ్యి బాగా సాచు, బారలు తగ్గించు’ అన్నదే. సలహా సగం నిజం. మిగతా సగం చెప్పకపోతే అతడు కాలువలో ఈదిన వేగాన్ని కూడా కొలనులో పోగొట్టుకుంటాడు. ఎందుకు పోగొట్టుకుంటాడన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

2. ‘బార’ అనే మాట:
ఆంగ్లంలోని ‘స్ట్రోక్’ అన్న పదం ఈత సాహిత్యంలో తెచ్చిపెట్టే చిక్కు ఒకటుంది. కొందరు ఒక చేతి చుట్టును ఒక స్ట్రోక్‌గా లెక్కిస్తారు. కొందరు కుడి, ఎడమ చేతులు రెండూ ఒక్కొక్కసారి తిరిగితే ఒక స్ట్రోక్ అంటారు. మొదటి లెక్కలో నిమిషానికి 100గా కనిపించే సంఖ్య రెండో లెక్కలో 50 అవుతుంది. ఒక్కో స్ట్రోక్‌కు 1 మీటరుగా కనిపించే దూరం 2 మీటర్లవుతుంది. ఏ లెక్కో చెప్పకుండా అంకెలను మాత్రమే తెలుగులోకి దించుకొన్నప్పుడు విద్యార్థి తన కొలతను మరొకరి కొలతతో పోల్చి అకారణంగా కుంగిపోవచ్చు, లేదా పొంగిపోవచ్చు.

తెలుగులో ఈ పనికి సిద్ధంగా ఉన్న మాట ‘బార’. జాన, మూర, బార అన్న వరుసలో బార అంటే రెండు చేతులూ పక్కలకు చాచినప్పుడు ఒక కొస నుంచి మరో కొసకు ఉండే పొడవు. నాలుగు మూరల ప్రమాణం. బావి లోతును, మోకు పొడవును బారల్లో చెప్పుకొన్న కాలం మరీ దూరమైనదేమీ కాదు. అదే మాట ఈత దగ్గరికి వచ్చేసరికి కొలతగా కాక చర్యగా మారింది. ‘బారలు వేస్తూ ఈదాడు’ అన్నప్పుడు చేతి విసురే అర్థం. ఒకే మాటలో పొడవూ, చేష్టా రెండూ ఇమిడి ఉండటం ఈ విషయానికి అమరిన సౌలభ్యం. అయితే కొలతగా బారకు రెండు చేతులు కావాలి, ఈతలో ఒక చేయి చాలు. ఆ తేడా వల్ల ఇక్కడ కూడా పొరపాటుకు తావుంది.

అందువల్ల ఈ వ్యాసంలో ఒక చేతి చుట్టును ‘బార’ అని, రెండు చేతుల చుట్టును ‘జతబార’ అని వ్యవహరించడమైంది. ఒక బారకు శరీరం సాగిన దూరం ‘బార పొడవు’. నిమిషానికి పడే బారల సంఖ్య ‘బార జోరు’. ‘బార వేగం’, ‘బార వడి’ అనవచ్చు కదా అన్న సందేహం సహజమే. కానీ తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో వేగం, వడి అన్నవి రెండూ స్థిరమైన అర్థాలతో రూఢమయ్యాయి. పైగా ఈతగాడి వేగం వేరు, అతడి చేతులు తిరిగే జోరు వేరు అని చెప్పడమే ఇక్కడి విషయమంతా. రెండింటికీ ఒకే మాట వాడితే మొదటి వాక్యంలోనే వివరణ చిక్కుపడుతుంది. ‘పౌనఃపున్యం’ శాస్త్రీయంగా సరైనదే. అయితే కొలను గట్టున నిలబడి పిలిచి చెప్పడానికి అనువైన మాట కాదు.

3. లబ్ధపు లెక్క:
పత్తితీతకు పోయే కూలీకి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర లేదు. చేయి చాచిన ప్రతిసారి గుప్పిటలోకి వచ్చే పత్తి ఎంత, గంటకు చేయి ఎన్నిసార్లు కాయ మీదికి పోతుంది అన్న రెండింటి గుణకారమే సాయంత్రం కాటా మీద తూగుతుంది. చేయి మరీ వేగిరపడితే కాయలో పత్తి మిగిలిపోతుంది, ఎండాకు కలిసి వస్తుంది. ఒక్కో కాయను శుభ్రంగా తీస్తూ నిలబడితే సాలు సాగదు. ఈతలోనూ అంతే: వేగం = బార పొడవు × బార జోరు.

బార పొడవు 1 మీటరు, జోరు నిమిషానికి 60 అయితే నిమిషానికి 60 మీటర్లు, అంటే సెకనుకు 1 మీటరు. ఇదే వేగాన్ని 0.8 మీటర్ల బారతో, నిమిషానికి 75 జోరుతో కూడా సాధించవచ్చు. 1.2 మీటర్ల బారతో, 50 జోరుతోనూ సాధించవచ్చు. కాగితం మీద మూడూ సమానమే. శరీరానికి మాత్రం సమానం కావు. పత్తి పోలిక ఆగిపోయే చోటు కూడా ఇదే. కూలి చేయి ఆపితే కాయ చెట్టు మీదే ఉంటుంది, తీసిన పత్తి ఒడిలోనే ఉంటుంది. ఈతగాడు చేయి ఆపితే అప్పటికే సంపాదించుకొన్న వేగాన్ని నీరు లాగేసుకుంటుంది.

4. జారుడులోని మోసం:
నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. నీటిలో కదిలే శరీరానికి ఎదురయ్యే నిరోధం, స్థూలంగా, వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. ఆ నిరోధాన్ని గెలవడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగాన్ని 10 శాతం పెంచాలంటే సుమారు 33 శాతం అదనపు సామర్థ్యం కావాలి. ‘బలంగా ఈదు’ అన్న సలహా నీటిలో అంతగా పారకపోవడానికి కారణం ఇదే. బలం పెంచడంకంటే నిరోధం తగ్గించుకోవడం చవక.

బార పొడవును పెంచే నిజమైన మార్గాలు ఇక్కడి నుంచే వస్తాయి. తల దించి నీటిలో ఉంచితే నడుము, కాళ్లు పైకి తేలి శరీరం ఒక గీతగా మారుతుంది. చేయి ముందుకు పోయేటప్పుడు భుజంతో పాటు నడుము కూడా ఒక పక్కకు ఒరిగితే చేయి మరికొంత అందుతుంది. అరచేయితో పాటు ముంజేయి కూడా నీటిని వెనక్కి నెట్టే తెడ్డులా నిలువుగా నిలబడాలి, మోచేయి కిందికి జారిపోకూడదు. చేతి పని తొడ దగ్గరిదాకా పూర్తయ్యాకే చేయి నీటి నుంచి బయటికి రావాలి. ఇవన్నీ నీటిపై పట్టును పెంచేవి, లేదా నిరోధాన్ని తగ్గించేవి. వీటి ఫలితంగా పెరిగిన బార పొడవు నికరమైన లాభం.

‘చెయ్యి సాచు’ అన్న మాటను విన్న విద్యార్థి చేసేది తరచూ ఇది కాదు. ముందుకు చాచిన చేతిని అలాగే నిలిపి, రెండో చేయి వచ్చేదాకా జారుతూ ఉంటాడు. బారల సంఖ్య తగ్గుతుంది. గట్టు మీది నుంచి చూసేవారికి ఈత అందంగా కూడా కనిపిస్తుంది. కానీ ఆ జారుడు కాలంలో అతణ్ణి ముందుకు తోసే శక్తి ఏదీ లేదు. వేగం పడిపోతుంది, తరువాతి బార మొదట పోయిన వేగాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఖర్చవుతుంది. చిన్న లెక్కతో దీన్ని చూడవచ్చు. సెకనుకు 1 మీటరు చొప్పున నిలకడగా ఈదేవాడి సామర్థ్యం 1 అనుకుందాం. అదే సగటు వేగాన్ని సగం కాలం 1.2 మీటర్లతో, సగం కాలం 0.8 మీటర్లతో సాధించేవాడికి ఆ ఘనాల సగటు 1.12. అంటే అదే సమయంలో అదే గమ్యం చేరడానికి 12 శాతం ఎక్కువ ఖర్చు. ఎడ్లబండిని అడుగడుగునా ఆపి మళ్లీ కదిలించినట్లు ఉంటుంది.

ఫ్రాన్స్ పరిశోధకుడు డిడియే షోలే తన సహచరులతో కలిసి 2000లో ప్రతిపాదించిన సమన్వయ సూచిక ఈ ఖాళీనే కొలుస్తుంది. ఒక చేయి నెట్టడం ముగిసిన క్షణానికి, రెండో చేయి పట్టు మొదలయ్యే క్షణానికి మధ్య ఎడం ఉందా, రెండూ సరిగ్గా కలుస్తున్నాయా, లేక ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అన్నది దాని ప్రశ్న. దూరపు ఈతలో కొంత ఎడం మామూలే. వేగం పెరిగేకొద్దీ నిపుణుల చేతుల మధ్య ఆ ఎడం తగ్గి, పొట్టి పోటీల్లో కలయిక దాకానో, అతివ్యాప్తి దాకానో పోతుంది. కనుక జారుడు ఎప్పుడూ దోషమే అనడం కూడా సరికాదు. ఎంత జారుడు అన్నది ఈదే వేగాన్ని బట్టి నిర్ణయించవలసిన విషయం.

5. సూచికల వల్ల కలిగే భ్రమ:
ఒక ఊహా ఉదాహరణను తీసుకోవచ్చు. గోడ తోపుడును లెక్కలోకి తీసుకోకుండా ఒక విద్యార్థి 25 మీటర్లను మూడు విధాలుగా ఈదాడనుకుందాం. మొదటిసారి 25 బారలు, 25 సెకన్లు. రెండోసారి జారుతూ 22 బారలు, 26 సెకన్లు. మూడోసారి జోరు పెంచి 27 బారలు, 24 సెకన్లు. బార పొడవు వరుసగా 1.00, 1.14, 0.93 మీటర్లు. జోరు వరుసగా 60, 51, 67.5. పోటీలో గెలిచేది మూడో ఈతే.

బారల సంఖ్యను, సెకన్లను కలిపి చూసే ‘స్వాల్ఫ్’ అనే లెక్క ఈతగాళ్లలో బాగా ప్రచారంలో ఉంది. మొత్తం ఎంత తక్కువైతే అంత మేలని దాని భావం. ఈ మూడు ఈతలకు అది ఇచ్చే అంకెలు 50, 48, 51. అంటే అన్నింటికంటే నెమ్మదైన ఈతకు మొదటి స్థానం, వేగమైన ఈతకు చివరి స్థానం. వేగాన్ని బార పొడవుతో గుణించే ‘స్ట్రోక్ సూచిక’ను డేవిడ్ కాస్టిల్ బృందం 1985లో ప్రవేశపెట్టింది. దానితో చూసినా వచ్చే అంకెలు 1.00, 1.09, 0.96. వరుస అదే. సూచికలు చెడ్డవని దీని అర్థం కాదు. ఒకే వేగంతో ఈదిన రెండు ఈతలను పోల్చడానికి అవి పనికివస్తాయి. వేగాలు వేరైనప్పుడు సూచికను చూసి మురిసిపోవడం, గడియారాన్ని గోడకు తిప్పి పెట్టడం వంటిది. చేతి గడియారాలే ఈ అంకెలను లెక్కించి చూపుతున్న రోజుల్లో ఈ హెచ్చరిక అవసరం మరింత పెరిగింది.

జోరు పెంచడానికీ హద్దు ఉంది. చేయి మరీ త్వరపడితే నీటిపై పట్టు కుదరకముందే లాగుడు మొదలవుతుంది. మోచేయి జారుతుంది, నీరు అరచేతి పక్కల నుంచి తప్పుకుపోతుంది. చేతులు తిరుగుతుంటాయి గాని మనిషి కదలడు. ఊపిరి కూడా బారతో ముడిపడి ఉంది. మూడు బారలకు ఒకసారి ఊపిరి తీసుకొనేవాడికి నిమిషానికి 60 జోరులో 20 ఊపిరులు అందుతాయి, 90 జోరులో 30 అందుతాయి. కానీ ఆ ఒక్కో ఊపిరికి దొరికే వ్యవధి కుంచించుకుపోతుంది. నీటిలో ఉండగానే గాలిని వదిలేయడం రానివారికి జోరు పెరగగానే ఆయాసం వచ్చేది చేతుల వల్ల కాదు, ఊపిరి వల్ల.

6. రెండు శరీరాలు, రెండు పరిష్కారాలు:
రష్యా ఈతగాడు అలెగ్జాండర్ పొపోవ్ 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 50, 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణాలను రెండుసార్లూ గెలిచాడు. ఆరున్నర అడుగుల మనిషి. పొడవైన, తొణకని బారకు అతణ్ణి ఉదాహరణగా చూపడం శిక్షకులకు పరిపాటి. అమెరికాకు చెందిన జానెట్ ఎవాన్స్ ఐదున్నర అడుగులకు మించని మనిషి. చేతులను దాదాపు వంచకుండా గాలిమరలా తిప్పుతూ ఈదేది. పాఠ్యగ్రంథపు చిత్రానికి ఏ మాత్రం సరిపోని ఆ ఈతతో 1988 సియోల్‌లో 3 స్వర్ణాలు గెలిచింది. 1989లో ఆమె 800 మీటర్లలో నెలకొల్పిన 8 నిమిషాల 16.22 సెకన్ల ప్రపంచ రికార్డు 2008 దాకా నిలిచింది. ఆ చిన్న శరీరానికి పొపోవ్ బారను తొడిగి ఉంటే ఏమయ్యేదన్నది ఊహించదగిన విషయమే.

అలాగని పొడవు ప్రధానం కాదనడానికీ వీల్లేదు. ఆల్బర్ట్ క్రెయిగ్, డేవిడ్ పెండర్‌గాస్ట్ 1979లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగానికి పునాది. ఒకే ఈతగాడు వేగం పెంచుకుంటూ పోతున్నప్పుడు జోరు పెరుగుతుందని, ఒక స్థాయి తరువాత పొడవు తగ్గుతూ వస్తుందని అది చూపింది. 1976, 1984 అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీలను పోల్చిన క్రెయిగ్ బృందం, ఆ ఎనిమిదేళ్లలో వేగం పెరిగిన చాలా పోటీల్లో, ముఖ్యంగా మహిళల పోటీల్లో, బార పొడవు పెరగడమే కారణమని 1985లో తేల్చింది. అలసట వచ్చినప్పుడు ముందుగా చెడేదీ పొడవే.

ఈ రెండు అధ్యయనాలను కలిపి చదివితే ఒక భేదం స్పష్టమవుతుంది. ఏళ్ల తరబడి సాధనతో పెంచుకోవలసింది పొడవు. ఈ రోజు, ఈ పోటీలో వేగాన్ని సర్దుకోవడానికి చేతిలో ఉన్నది జోరు. ‘చెయ్యి సాచు’ అన్న సలహాతో వచ్చే చిక్కు ఏమిటంటే, అది మొదటి రకం పనిని రెండో రకం పనిలా, అప్పటికప్పుడు చేయమంటుంది.

7. పారే నీటిలో కొలత:
మళ్లీ గుంటూరు ఛానల్ దగ్గరికి వస్తే, కాలువలో బారలు లెక్కించి తన పొడవును తెలుసుకోవాలనుకొనేవాడు ఒక వలలో చిక్కుకుంటాడు. నీటికి సాపేక్షంగా అతడి వేగం సెకనుకు 1 మీటరు, ప్రవాహం సెకనుకు అర మీటరు అనుకుందాం. గట్టు మీద గుర్తుల మధ్య కొలిస్తే వాలుకు ఈదినప్పుడు వేగం 1.5 మీటర్లు, ఎదురీదినప్పుడు 0.5 మీటర్లు. జోరు 60 అయితే ఒకవైపు బార పొడవు మీటరున్నర, మరోవైపు అర మీటరు. చేతి పనిలో తేడా ఏమీ లేదు. ఇంకొక విశేషం కూడా ఉంది. వాలుకు పోయేటప్పుడు చేయి చాచి ఊరుకొన్నా గట్టు వెనక్కి పోతూనే ఉంటుంది గనుక జారుడులోని నష్టం కంటికి ఆనదు. కాలువలో వాలుకు మాత్రమే ఈదినవాడికి జారుడు అలవాటైతే, నిలువ నీటిలోకి వచ్చేదాకా అది బయటపడదు.

పోయిన కాలాన్ని, వచ్చిన కాలాన్ని వేర్వేరుగా తీసి, రెండు వేగాల సగటు కడితే నీటికి సాపేక్షమైన వేగం దొరుకుతుంది. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగిస్తే దొరకదు. పై ఉదాహరణలో 30 మీటర్లు పోవడానికి 20 సెకన్లు, రావడానికి 60 సెకన్లు పడతాయి. 60 మీటర్లను 80 సెకన్లతో భాగిస్తే వచ్చేది 0.75, అసలు వేగం 1. అయినా అంచులకు కాంక్రీటు వేసిన, పట్టు దొరకని కాలువలో ఒంటరిగా ఇటువంటి ప్రయోగాలు ప్రాణం మీదికి తెస్తాయి. లోతు తెలిసిన నిలువ నీటిలో, ఈత వచ్చిన మరొకరు గట్టున ఉండగా, 25 మీటర్ల దూరంలో రెండు గెడలు పాతి లెక్కించడం క్షేమం. గెడను దాటేటప్పటికే పూర్తి వేగంలో ఉండాలి. కొలనులోనైతే గోడ తోపుడు లెక్కలో కలవకుండా మధ్య భాగాన్నే కొలవాలి.

ఈ కొలతను ఒకసారితో వదిలేయకుండా, వరుసగా ఐదారు సార్లు ప్రతిసారీ జోరును కొద్దిగా పెంచుతూ ఈదితే ఒక మలుపు కనిపిస్తుంది. మొదట జోరుతో పాటు వేగం పెరుగుతుంది, పొడవు కొద్దిగానే తగ్గుతుంది. ఒక చోట జోరు పెరిగినా వేగం పెరగడం ఆగిపోతుంది. ఆ చోటికి కాస్త ముందున్నదే అతడి ప్రస్తుత సమతౌల్యం. ఆరు నెలల సాధన తరువాత మళ్లీ కొలిస్తే ఆ చోటు జరిగి ఉండాలి. జరగకపోతే మెళకువ మెరుగుపడలేదన్నమాట.

8. సముద్రంలో బార:
నడివయసులో ఈత నేర్చుకొన్న గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి వైపు పాక్ జలసంధిని ఈదారు. సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలు. 2024 డిసెంబరు చివర విశాఖపట్నంలో మొదలుపెట్టి, రోజుకు కొంత చొప్పున ఈదుతూ 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ చేరిన దాదాపు 150 కిలోమీటర్ల ఈత కూడా ఆమెదే.

పాక్ జలసంధి అంకెలను నిమిషాల్లోకి మారిస్తే 823 నిమిషాలకు 30,000 మీటర్లు. నిమిషానికి 36 మీటర్ల పైచిలుకు, సెకనుకు 0.6 మీటరు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లను 46.40 సెకన్లలో ఈదిన పాన్ జాన్‌లే వేగం సెకనుకు 2.15 మీటర్లకు పైనే. ఈ రెండు వేగాలను పక్కపక్కన పెట్టడం తక్కువ, ఎక్కువలు తేల్చడానికి కాదు. ఒకటి గోడల మధ్య నిలువ నీరు, మరొకటి అలలు, ఆటుపోట్లు, ప్రవాహాలు. శ్యామల సెకనుకు 0.6 మీటరులో నీటి సాయమెంత, అడ్డమెంత అన్నది ఆ అంకె ఒక్కటి చూసి చెప్పలేం. కాలువ గట్టు లెక్కే ఇక్కడా వర్తిస్తుంది.

సముద్రంలో పొడవైన జారుడు బారకు విలువ పడిపోతుంది. చాచిన చేతిని, తలను ఎదురు అల తాకినప్పుడు జారుడు అక్కడికక్కడే ఆగిపోతుంది. అందుకే దూరపు సముద్ర ఈతగాళ్లు కొలనులోకంటే కాస్త జోరు పెంచి, ఎడం తగ్గించి, ఎప్పుడూ ఏదో ఒక చేయి నీటిని పట్టి ఉండేలా ఈదుతారు. దారి చూసుకోవడానికి మధ్యమధ్య తల ఎత్తక తప్పదు. ఎత్తిన ప్రతిసారీ నడుము దిగుతుంది గనుక కళ్లు మాత్రమే నీటిపైకి వచ్చేంతగా ఎత్తడం నేర్చుకోవాలి. కాలువలో తల ఎత్తి ఈదడం అలవాటైనవాడికి ఇక్కడ చిన్న ఆధిక్యం ఉంటుంది, కొలనులో తప్పుగా లెక్కించిన ఆ అలవాటు వల్లనే.

నిమిషానికి 50 బారలనే ఊహాలెక్కతో 823 నిమిషాలు ఈదితే 41,150 బారలవుతాయి. ఒక్కో బార 1 సెంటీమీటరు పొట్టిదైతే పోయే దూరం 411 మీటర్లు. ఆ వేగంతో అది పూడ్చుకోవడానికి 11 నిమిషాలకు పైగా పడుతుంది. 1 సెంటీమీటరును పెంచుకోబోయి ప్రతి బారలో చేతిని తల దాటి అడ్డంగా సాచితే ఒక్కో భుజం కీలు ఆ ఒరిపిడిని 20 వేలకు పైగా సార్లు భరించాలి. సగం దారిలో భుజం నొప్పి మొదలైతే ఆ తరువాత బారకు 10 సెంటీమీటర్లు కూడా పోవచ్చు. అందుచేత సుదీర్ఘమైన ఈతలో సాధకుడు కాపాడుకోవలసింది అత్యధిక పొడవును కాదు, చివరి గంటలో కూడా నిలుపుకోగలిగిన పొడవును. పడవ మీద తోడువచ్చేవారు ఆహారం అందించే విరామాల మధ్య అప్పుడప్పుడు నిమిషం పాటు బారలు లెక్కిస్తారు. జోరు అంతే ఉండి వేగం తగ్గితే పొడవు పోతున్నదని, లేదా ప్రవాహం తిరిగిందని గ్రహిస్తారు. జోరు కూడా పడిపోతే శరీరం చల్లబడుతున్నదేమోనని ముందు ఈతగాడి మాట తీరును, రంగును చూస్తారు.